చూపు లేని పిల్లలకు సంగీతం: క్లాసులో చేర్పించాలా, థెరపీకి పంపాలా? మా బాబు విషయంలో సలహా కావాలి

నిద్రలేని_నాన్న

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా బాబుకి ఐదున్నరేళ్లు. నెలలు నిండకుండా పుట్టాడు, చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు, రెటీనా దెబ్బతింది (ఆర్‌ఓపీ అన్నారు). లైటు వేశామా తీశామా అన్నది తెలుస్తుంది, అంతకు మించి ఏమీ కనపడదు. మాటలు వచ్చాయి కానీ మనం అడిగిన ప్రశ్ననే మనకి తిరిగి అప్పజెబుతాడు. "నీకు నీళ్లు కావాలా?" అని వాడు అంటే వాడికి దాహం వేస్తోందని అర్థం. "నాకు" అనే మాట వాడి నోట ఇంతవరకూ రాలేదు. కూర్చున్న చోట ముందుకీ వెనక్కీ ఊగుతుంటాడు, కళ్లలో వేళ్లు పెట్టి నొక్కుకుంటాడు, కొత్త చోటికి తీసుకెళ్తే చెవులు మూసుకుని ఏడుస్తాడు.

పాట వినపడితే మాత్రం వేరే పిల్లాడైపోతాడు. ఒక్కసారి విన్న వరుసని మర్నాడు పొద్దున్నే పక్క మీద పడుకుని కూనిరాగం తీస్తుంటాడు, అదీ అదే శ్రుతిలో. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "దేవుడు కళ్లు తీసుకుని గొంతు ఇచ్చాడు, సంగీతంలో పెట్టేయండి" అంటున్నారు. మంచి ఉద్దేశంతోనే అంటారని తెలుసు, అయినా ఆ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది, ఎందుకో చెప్పలేను.

ఒక టీచర్ దగ్గరికి తీసుకెళ్తే "చూడలేని పిల్లాడికి నేనెలా నేర్పాలండీ" అని పంపేశారు. ఇంకొకరు మ్యూజిక్ థెరపీ అన్నారు. రెండిటికీ తేడా ఏంటి? ఏ వాయిద్యంతో మొదలుపెట్టాలి? అసలు ఇది వాడికి నిజంగా పనికొస్తుందా, లేక మేం మా బాధకి ఊరట వెతుక్కుంటున్నామా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

స్వరపాఠం

అన్నా, నేను పిల్లలకి కీబోర్డు, గాత్రం నేర్పుతాను. నా దగ్గర చూపు లేని పిల్లలు ఇంతవరకూ ఆరుగురు నేర్చుకున్నారు. మొదటి పాపతో నేను చేసిన తప్పు చెబితే మీకు పనికొస్తుంది.

ఆ పాప ఏడేళ్లది. వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపించలేను కదా అని మణికట్టు పట్టుకుని వేళ్లని మెట్ల మీద నేనే పెట్టేదాన్ని. మూడో క్లాసుకి చేతులు వెనక్కి దాచుకోవడం మొదలుపెట్టింది. నాకు అప్పుడు అర్థం కాలేదు. చూపు లేని బిడ్డకి చెయ్యే కళ్లు, మనం చెప్పకుండా ఆ చెయ్యి లాగితే ఎవరో వచ్చి మన తల పట్టుకుని ఒక వైపుకి తిప్పినట్టు ఉంటుంది. తర్వాత ఒక స్పెషల్ టీచర్ చెప్పారు: నీ చెయ్యి పైన ఉండకూడదు, కింద ఉండాలి, పాప తన చెయ్యిని నీ చెయ్యి మీద పెట్టుకుని నువ్వు వాయించేది తెలుసుకోవాలి, వద్దనుకున్నప్పుడు తీసేసే వీలు తనకే ఉండాలి. ఆ ఒక్క మార్పుతో పాప మళ్లీ దగ్గరికి వచ్చింది.

కాబట్టి టీచర్ని "చూపు లేనివాళ్లకి నేర్పిన అనుభవం ఉందా" అని అడగొద్దు, చాలామందికి ఉండదు. "ఇలా", "ఇక్కడ", "నన్ను చూడు" అనే మాటలు వాడకుండా అరగంట పాఠం చెప్పగలరా అని చూడండి. "బొటనవేలు కింద నుంచి జరిపి తర్వాతి తెల్ల మెట్టు మీదకి తీసుకురా" అని చెప్పగలిగిన ఓపిక ఉన్నవాళ్లు ఎవరైనా నేర్పగలరు.

వాయిద్యం అంటే, మీవాడికి శ్రుతి నిలుస్తోంది కాబట్టి కీబోర్డు బాగుంటుందని నా అభిప్రాయం. దాని మీద నల్ల మెట్లు రెండు ఒక గుంపు, మూడు ఒక గుంపు, అలా వరుసగా వస్తాయి. తడిమితే చాలు, ఎక్కడున్నామో తెలిసిపోతుంది, వేరే గుర్తులు అక్కర్లేదు. కొనేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: టచ్ స్క్రీన్ ఉన్నది వద్దు. నున్నటి అద్దం మీద వాడికి ఏమీ తెలియదు, ప్రతిదానికీ మిమ్మల్ని పిలవాల్సి వస్తుంది. నొక్కితే టక్కుమనే బటన్లు ఉన్నది తీసుకుని, ఆన్ బటన్ మీద, వాల్యూమ్ మీద ఉబ్బెత్తు స్టిక్కర్లు అంటించండి. వాయిద్యాన్ని వాడే ఆన్ చేసుకోవాలి, వాడే ఆపుకోవాలి.

లయ_తోడు

నేను మ్యూజిక్ థెరపిస్టుని, కొన్నేళ్లుగా చూపు సమస్య ఉన్న పిల్లలతోనే ఎక్కువగా పనిచేస్తున్నాను. తేడా గురించి అడిగారు కదా.

క్లాసులో గురి సంగీతం మీద ఉంటుంది. ఈ నెల ఈ పాఠం వచ్చిందా, తాళం నిలబడిందా అని చూస్తారు. థెరపీలో గురి పిల్లాడి మీద ఉంటుంది. అవతలి మనిషి కోసం ఆగడం, తన వంతు తీసుకోవడం, కొత్త గదిలో భయం తగ్గడం, చేతులతో పట్టుకోవడం, అక్కర్లేనిదాన్ని వద్దని చెప్పడం, ఇలాంటివి. పాట తప్పుగా పాడినా పర్లేదు. పాల్ నార్డాఫ్ అనే స్వరకర్త, క్లైవ్ రాబిన్స్ అనే స్పెషల్ టీచర్ 1959లో కలిసి మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది, అందులో పిల్లాడు చేసేదాన్నే సంగీతంగా తీసుకుంటారు. మనం వాయించి వాణ్ణి అనుసరించమనడం కాదు, వాడు చేసేదాన్ని మనం అనుసరించడం.

మీ బాబు ఊగడాన్నే తీసుకోండి. చాలామంది "ఊగొద్దు" అని ఆపుతారు. నేనైతే వాడు ఊగే వేగానికి సరిగ్గా డ్రమ్ము మీద దరువు వేస్తాను. కొంతసేపటికి వాడికి తెలుస్తుంది, నేను ఊగితే ఆ శబ్దం వస్తోంది, నేను ఆగితే అదీ ఆగుతోంది అని. కావాలని ఆగి చూస్తాడు, మళ్లీ మొదలుపెడతాడు. చూపున్న బిడ్డ నవ్వితే అమ్మ నవ్వడం కనపడుతుంది, నా వల్ల ఎదుటి మనిషిలో ఏదో జరిగింది అని వాడికి నెలల వయసులోనే తెలిసిపోతుంది. మీ బాబుకి ఆ కబురు కళ్ల దారిలో అందలేదు కాబట్టి చెవి దారిలో పంపాలి. అది కుదిరాక దరువుని కాస్త నెమ్మది చేస్తే వాడూ నెమ్మదిస్తాడు, అక్కడి నుంచి చేతికి డ్రమ్ము ఇస్తాం.

ప్రశ్నల్ని తిరిగి అప్పజెప్పడం, "నేను, నువ్వు" తారుమారు కావడం చూపు లేని పిల్లల్లో చాలా చూస్తాం. మాట ఎవరు ఎవరితో అంటున్నారో చూసి పట్టుకునే వీలు లేదు కదా, వాక్యాన్ని మొత్తంగా ఒక పాటలా నేర్చుకుంటారు. అందుకే ఒక చిన్న వరుస కట్టి "ఇప్పుడు నా వంతు" అని మీరు పాడుతూ మీ చేత్తో మీ గుండె మీద తట్టుకోండి, ఆ తట్టేటప్పుడు వాడి చెయ్యి మీ చెయ్యి మీద ఉండాలి. తర్వాత డ్రమ్ము వాడి ఒళ్లోకి వెళ్తుంది, అదే వరుసలో "ఇప్పుడు..." అని ఆపేసి ఎదురుచూడండి. మనకి ఆ మౌనం భరించడం కష్టం, అందించేయాలనిపిస్తుంది. పది లెక్కపెట్టేదాకా ఆగండి.

కళ్లు నొక్కుకోవడం గురించి ఒక మాట. రెటీనా సమస్య ఉన్న పిల్లల్లో ఇది ఎక్కువ, అలా నొక్కితే వెలుగు మెరుపుల్లాంటివి కనపడతాయి కాబట్టి చేస్తారని అంటారు. చేతికి పని ఉన్నప్పుడు తగ్గుతుంది, వాయిద్యం అందుకు మంచి పని. కానీ ఏళ్ల తరబడి నొక్కితే కంటికీ చుట్టూ ఉన్న ఎముకకీ చెడుపే, కంటి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

థెరపీ వల్ల చూపు రాదు. వస్తుందని ఎవరైనా అంటే అక్కడి నుంచి వచ్చేయండి.

చుక్కల_లిపి

మిత్రమా, "దేవుడు కళ్లు తీసుకుని గొంతు ఇచ్చాడు" అన్న మాటకి మీ మనసు ఎందుకు చివుక్కుమంటుందో నేను చెబుతాను, ఎందుకంటే ఆ మాట వింటూ పెరిగినవాణ్ణి నేను. నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఇప్పుడు ముప్ఫై నాలుగేళ్లు, సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను.

నేను చదివిన బడిలో ఏ కార్యక్రమం అయినా నన్ను స్టేజీ ఎక్కించి పాడించేవాళ్లు. నాకు ఏడేళ్లప్పటి నుంచి లెక్కలంటే పిచ్చి. లెక్కల పీరియడ్‌లో "నువ్వెళ్లి పాట ప్రాక్టీస్ చేసుకోరా" అని బయటికి పంపేవారు, బోర్డు మీద రాసేది నాకు చెప్పే పని తప్పుతుందని. చప్పట్లు బాగానే కొట్టేవాళ్లు. ఆ చప్పట్ల వెనక "పాపం" అనే మాట నాకు స్పష్టంగా వినపడేది. పదిహేనేళ్లకి పాట మానేశాను, మళ్లీ ముప్ఫైకి గానీ వయొలిన్ పట్టుకోలేదు. ఇప్పుడు రోజూ ఒక గంట నా గదిలో నా కోసం వాయించుకుంటాను, నా బతుకులో అంత ప్రశాంతమైన గంట ఇంకోటి లేదు.

అందుకని మీ బాబుకి సంగీతం నేర్పించండి, వాడికి ఇష్టం కాబట్టి. చూపు లేదు కాబట్టి కాదు. ఈ రెండిటికీ తేడా బయటివాళ్లకి కనపడదు, పిల్లాడికి మాత్రం తెలుస్తుంది. ఇంకో మనవి, ఇంటికొచ్చిన వాళ్ల ముందు పాడమనకండి, వాడంతట వాడు పాడితే తప్ప.

సంగీతంతో పాటు బ్రెయిలీ (వేలితో తడిమి చదివే ఆరు చుక్కల లిపి) మొదలుపెట్టండి, ఐదున్నర మంచి వయసే. లూయీ బ్రెయిలీ స్వయంగా ఆర్గాన్ వాయించేవాడు, పారిస్ చర్చిల్లో అదే ఉద్యోగం చేశాడు. 1829లో ఆయన తన చుక్కల పద్ధతిని అచ్చు వేసినప్పుడు మాటలతో పాటు సంగీతం రాసే పద్ధతి కూడా అందులోనే పెట్టాడు, తర్వాత ఎవరో అతికించింది కాదు. అవే ఆరు చుక్కలు. పై నాలుగూ ఏ స్వరమో చెబుతాయి, కింది రెండూ అది ఎంతసేపు పలకాలో చెబుతాయి. ఒకే గడి మీద వేలు పెడితే స్వరం, నిడివి రెండూ తెలిసిపోవడం ఎంత అందమైన ఆలోచనో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. చిక్కల్లా ఒకటే, చేతులు చదువుతుంటే వాయించలేం. కీబోర్డు అయితే ఒక చేత్తో చదువుతూ ఇంకో చేత్తో వాయించుకోవచ్చు, వయొలిన్‌కి అదీ కుదరదు, రెండు వరుసలు చదివి బట్టీ పట్టి అప్పుడు వాయిద్యం తీసుకోవాలి. నెమ్మదిగా సాగుతుంది. కానీ విని నేర్చుకున్నది వాయించినవాళ్ల పాట, చదివి నేర్చుకున్నది రాసినవాడి పాట. రెండూ కావాలి.

పాత_శ్రోత

చుక్కల_లిపి గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూనే ఒక విషయం కలుపుతాను. "చూపు లేకపోతే చెవి చురుగ్గా ఉంటుంది" అనేది పూర్తిగా కట్టుకథ కాదు, పూర్తిగా నిజమూ కాదు. 2004లో రెండు పరిశోధనలు వచ్చాయి. ఒకదాంట్లో రెండు స్వరాలు వినిపించి శ్రుతి పైకి వెళ్లిందా కిందకి వెళ్లిందా అని అడిగితే, చిన్నప్పుడే చూపు పోయినవాళ్లు మిగతావాళ్ల కంటే బాగా చెప్పారు. పెద్దయ్యాక చూపు పోయినవాళ్లలో ఆ తేడా లేదు. ఇంకోదాంట్లో చిన్నతనంలోనే చూపు పోయిన 21 మంది సంగీతకారుల్ని తీసుకుంటే 12 మందికి ఆధార శ్రుతి లేకుండానే ఏ స్వరమో చెప్పేసే శక్తి ఉంది. మామూలు సంగీతకారుల్లో ఇది చాలా తక్కువ మందికే ఉంటుంది.

కానీ గమనించండి, ఈ రెండోదాంట్లో ఉన్నవాళ్లంతా సంగీతం నేర్చుకున్నవాళ్లు. దారిన పోయే చూపు లేని పిల్లాణ్ణి తీసుకొచ్చి కొలిచింది కాదు. చూపు లేనివాళ్లలో, చూడటానికి ఉండే మెదడు భాగం వినడానికీ తడమడానికీ సాయం చేస్తుందని స్కానుల్లో కనపడింది, అయితే అలా సాయం అందాలంటే చిన్నప్పటి నుంచి ఆ చెవికి పని చెప్పాలి. మీవాడు అదే శ్రుతిలో కూనిరాగం తీస్తున్నాడంటే ఆ పని వాడు ఎప్పుడో మొదలుపెట్టేశాడు.

అమెరికా గాయకుడు స్టీవీ వండర్‌ది కూడా మీ బాబు సమస్యే, 1950లో నెలలు నిండకుండా పుట్టి రెటీనా దెబ్బతింది. జపాన్ పియానిస్టు నొబుయుకి త్సుజీ పుట్టుకతో చూపు లేనివాడు, 2009లో అమెరికాలో జరిగే వాన్ క్లైబర్న్ పియానో పోటీలో మొదటి బహుమతి ఇంకొకరితో కలిసి గెలుచుకున్నాడు. పోటీ ముక్కలన్నీ రికార్డింగులు విని నేర్చుకున్నవే.

చుక్కల_లిపి

పాత_శ్రోత గారూ, వాళ్లందరి మీదా నాకు గౌరవం ఉంది, త్సుజీ వాయించింది వింటే కన్నీళ్లొస్తాయి. కానీ చిన్నప్పుడు నా ముందు ఆ పేర్లే చదివేవాళ్లు. చూపున్న పిల్లాడు గిటార్ క్లాసుకి వెళ్తుంటే రోజూ లోకప్రసిద్ధుల పేర్లు చెప్పి భయపెట్టం కదా. ఓ మోస్తరుగా వాయించి సంతోషపడే హక్కు మాకూ ఉంది.

మసక_వెలుగు

ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. కొంచెం చూపున్న పిల్లల గురించి ఎవరూ మాట్లాడరు, మా పాప అలాంటిదే. తొమ్మిదేళ్లు. ఆల్బినిజం, కళ్లు నిలకడగా ఉండవు, వెలుతురు పడదు. నడుస్తుంది, పరిగెడుతుంది, ముఖాలు దగ్గరగా ఉంటే పడుతుంది. అందుకని అందరికీ "దానికి కనపడుతుందిగా" అని. వయొలిన్ టీచర్ మూడు నెలల పాటు అది బద్ధకమే అనుకున్నారు. స్వరాలు రాసిన కాగితం చూసి వాయించమంటే తప్పులు, ఒకసారి వినిపిస్తే మాత్రం గుక్క తిప్పుకోకుండా వాయించేస్తుంది, "చదవడం ఇష్టం లేక నాటకాలు" అని మందలించేవారు. అసలు బాధ ఏంటంటే మా పాప కూడా నోరు విప్పలేదు, అందరికీ కాగితం అలాగే మసగ్గా ఉంటుందేమో అనుకుందట.

తర్వాత మేం చేసిన మొదటి పని కాగితాన్ని జిరాక్సులో రెండింతలు పెద్దది చేయడం. అది తప్పని ఆలస్యంగా తెలిసింది. కాగితం దుప్పటంత అయింది, ఒక చివర నుంచి ఇంకో చివరకి తల తిప్పేలోపు ఎక్కడున్నామో పోతుంది. పైగా వయొలిన్‌కి గడ్డం ఆనించి ఉంటుంది కదా, ముందుకి వంగి చూసే వీలే లేదు. పెద్దది చేయడం కాదు, మళ్లీ రాయించాలి. వరుసకి రెండే ఆవర్తాలు, గీతలు లావుగా, మధ్యలో ఖాళీ, మెరవని లేత పసుపు కాగితం, వెలుతురు వెనక నుంచి. కిటికీకి ఎదురుగా ఎప్పుడూ కూర్చోబెట్టకూడదు. ఇంత చేసినా పావుగంట దాటితే కళ్లు అలిసిపోయి తలనొప్పి వస్తుంది, కాబట్టి క్లాసుకి ముందే ఇంట్లో చదివి బట్టీ పట్టేస్తుంది, క్లాసులో కాగితం ముట్టుకోదు. టీచర్ ఇప్పుడు కొత్త పాఠాన్ని నెమ్మదిగా వాయించి ఫోన్‌లో రికార్డు చేసి ముందు రోజే పంపుతున్నారు. ఆ చిన్న పని వల్ల మా పాప బతికిపోయింది.

ఇంకొకటి, మా వార్డులో పరిచయమైన ఒక తల్లి చెప్పింది, వాళ్లబ్బాయికి కళ్లు బాగానే ఉన్నా మెదడులో చూపు అందుకునే చోట దెబ్బ తగిలింది. అలాంటి పిల్లలకి వెనక పాట మోగుతుంటే చూడటమే కుదరదట. చూసే పని చేసేటప్పుడు పాట ఆపేయాలి, వినే పనప్పుడు వినడమే.

రాగమాలిక

నేను కొంచెం విభేదిస్తాను. ఈ థెరపీ గొడవలన్నీ ఎందుకండీ? మంచి గురువు దగ్గర క్రమశిక్షణతో సంగీతం నేర్చుకుంటే ఏకాగ్రత, జ్ఞాపకం, ధైర్యం అన్నీ అవే వస్తాయి. పిల్లాడు డ్రమ్ము మీద ఎడాపెడా కొడుతుంటే పెద్దవాళ్లు దాన్ని అనుసరించడం నాకు సంగీతంలా అనిపించడం లేదు.

లయ_తోడు

రాగమాలిక గారూ, మీ బాధ అర్థమైంది, సంగీతాన్ని తక్కువ చేస్తున్నామని అనిపించి ఉంటుంది. కానీ గురువు దగ్గర కూర్చోవాలంటే ముందు ఆ పిల్లాడు కొత్త గదిలోకి ఏడవకుండా రావాలి, ఎదుటివాళ్లు ఆపితే ఆగాలి, వాళ్ల వంతు అయ్యేదాకా వినాలి. ఆ మెట్లు ఎక్కి వచ్చిన పిల్లలకి థెరపీ అక్కర్లేదు, నేనే చెప్పి పంపేస్తాను. మసక_వెలుగు గారి పాపకి కావాల్సింది సరైన కాగితం, అర్థం చేసుకునే టీచర్, అంతే. ఈ బాబుకి మాత్రం కొన్నాళ్లు రెండూ కావాలి, లేదా థెరపీ తెలిసినవాళ్లు టీచర్‌తో ఒక్కసారైనా కూర్చుని మాట్లాడాలి.

స్వరపాఠం

నాదీ అదే మాట. నా దగ్గరికొచ్చిన ఆరుగురిలో ఇద్దరు నిజంగా క్లాసుకి సిద్ధంగా లేరు, వాళ్లలో ఒక అబ్బాయి నేను బలవంతం చేయడం వల్లే మానేశాడు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధే.

కొత్తగా_చేరాను

నమస్తే. మా పాపకి పది నెలలు, రెండు కళ్లూ కనపడవు. ఇంకా పాకడం లేదు, బొమ్మల కోసం చెయ్యి చాచదు. పాట వింటే ఊరుకుంటుంది కదా అని పొద్దుట్నుంచీ రాత్రిదాకా ఫోన్‌లో పాటలు పెట్టి ఉంచుతున్నాం. దీనివల్ల మెదడు ఎదుగుతుందని ఎక్కడో చదివాను. ఇది చాలా, ఇంకేమైనా చేయాలా?

లయ_తోడు

తల్లీ, ముందు ఆ పాటలు ఆపేయండి. కోప్పడుతున్నానని అనుకోవద్దు, నా దగ్గరికొచ్చే ఇళ్లలో సగం మంది ఇదే చేస్తారు, ప్రేమతోనే.

మనకి పొగమంచు ఎలాగో పాపకి ఆగకుండా మోగే పాట అలాగ. తలుపు తీసిన చప్పుడు, మీ అడుగులు, కుళాయి, నాన్న దగ్గు, వీటితోనే పాప తన ఇంటిని కట్టుకుంటుంది. పాట ఆ మొత్తాన్నీ కప్పేస్తుంది. ఊరుకోవడం అంటే నేర్చుకోవడం అని కాదు.

చెయ్యి చాచకపోవడం గురించి భయపడకండి. చూపున్న బిడ్డ నాలుగైదు నెలలకే కనపడిన వస్తువు కోసం చెయ్యి చాపుతుంది. చూపు లేని బిడ్డకి ఒక చప్పుడు వినపడితే, అక్కడ పట్టుకునే వస్తువు ఉందని తెలియడానికి ఏడాది దగ్గరపడుతుంది. చప్పుడు ఆగితే ఆ వస్తువే లోకంలో లేనట్టు వాళ్లకి. పాకడం ఆలస్యం కావడానికీ ఇదే కారణం, ఎటు వెళ్లాలో పిలిచేది ఏదీ లేదు కదా. ఒకే ఒక గిలక్కాయ తీసుకోండి. పాప చేతిలో పెట్టి మోగించనివ్వండి, బాగా పరిచయం అయ్యాక చేతిలోంచి జారినప్పుడు పక్కనే, వేలికి తగిలేంత దగ్గర్లో మోగించండి. అందుకుంటుంది. వారం తర్వాత ఇంకో అంగుళం. కాలికి చిన్న మువ్వలు కట్టి చూడండి, తన్నితే మోగుతుంది, ఆ చప్పుడు చేసేది తన కాలే అని తెలిసిన రోజు పాప ముఖం చూడాలి మీరు.

పాటలు మీ గొంతుతో పాడండి. స్నానానికి ఒక పాట, బయటికి వెళ్లడానికి ఒకటి, నిద్రకి ఒకటి, ప్రతిసారీ అదే, పని మొదలుకాక ముందే. చూపున్న బిడ్డ తువ్వాలు చూసి స్నానం అని గుర్తుపడుతుంది, మీ పాపకి ఆ తువ్వాలు మీ పాటే. హఠాత్తుగా ఎవరో ఎత్తి నీళ్లలో పెట్టే భయం పోతుంది.

పాత_శ్రోత

అందరికీ ఒక మనవి, వినికిడి పరీక్ష చేయించారా? చూపునీ వినికిడినీ రెండిటినీ దెబ్బతీసే జబ్బులు కొన్ని ఉన్నాయి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో కూడా వినికిడి సమస్య ఎక్కువే. హెడ్‌ఫోన్ పెడితే వాల్యూమ్ చూసుకోండి, పిల్లలకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 75 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు, శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు చాలా వేగంగా తగ్గిపోతాయి. ఈ పిల్లలకి చెవి పాడైతే మిగిలేది తక్కువ.

నిద్రలేని_నాన్న

ఇన్ని మాటలు ఇంత ఆప్యాయంగా చెబుతారని అనుకోలేదు. రెండుసార్లు చదివి, మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. కానీ మాకు దగ్గర్లో థెరపిస్టులు లేరు. ఇంట్లో మేమే ఏం చేయొచ్చు? మాకిద్దరికీ సంగీతం రాదు.

స్వరపాఠం

రాకపోతేనే మంచిది అన్నా, మీ దృష్టి తప్పుల మీదకి పోదు. రోజుకి పది నిమిషాలు, ఒకే వేళకి, ఒకే చోట. ఇంట్లో శబ్దాలన్నీ ఆపేసి మొదలుపెట్టండి. ఒక గిన్నె బోర్లించి మీరు రెండు దెబ్బలు వేయండి, వాడి కోసం ఆగండి. వాడు ఏం వేస్తే అది మీరు వేయండి. వాడు ఆగితే ఆగండి. ఆట అదే. విసుగొచ్చేలోపే ముగించాలి, ఇంకా కావాలని వాడికి ఉన్నప్పుడే.

వారానికి ఒకరోజు గదులు తిరగండి. ప్రతి గదిలో చప్పట్లు కొట్టి, నాలుక టక్కుమనిపించి ఎలా వినపడుతుందో వాణ్ణే చెప్పమనండి. స్నానాల గదిలో మోగుతుంది, బట్టల అల్మారా తీసి కొడితే మింగేసినట్టు ఉంటుంది, గోడ దగ్గరికొచ్చేకొద్దీ మారుతుంది. కొత్త చోటికి వెళ్లినప్పుడు చెవులు మూసుకుంటున్నాడన్నారే, గుమ్మం దగ్గరే నిలబడి ఈ ఆట ఆడించి చూడండి. శబ్దం మీద పడటం వేరు, తనే శబ్దం చేసి చోటుని తెలుసుకోవడం వేరు.

చుక్కల_లిపి

ఆ చప్పట్ల ఆట నేను ఇప్పటికీ ఆడతాను, కొత్త ఆఫీసుకి వెళ్తే మొదటిరోజు కారిడార్‌లో నాలుక టక్కుమనిపిస్తూ నడుస్తాను. ఎక్కడ తలుపు తెరిచి ఉందో తెలిసిపోతుంది.

నిద్రలేని_నాన్న (నాలుగు నెలల తర్వాత)

చాలా రోజులకి వచ్చాను. జరిగింది చెప్పాలి.

గిన్నె ఆట మొదటి రెండు వారాలు ఏమీ జరగలేదు. నేను కొడతాను, వాడు ఊగుతుంటాడు, అంతే. లయ_తోడు గారు చెప్పినట్టు ఊగుడుకే దరువు వేయడం మొదలుపెట్టాక మూడోరోజు హఠాత్తుగా ఆగాడు. నేనూ ఆగాను. మళ్లీ ఊగాడు, మళ్లీ వేశాను. అప్పుడు నవ్వాడండీ, పాట విని నవ్వే నవ్వు కాదు, నాతో నవ్వాడు. అలాంటి నవ్వు నేను మొదటిసారి విన్నాను.

కీబోర్డు కొన్నాం, బటన్లున్నదే. టీచర్ దొరికారు, చిన్న వయసు అమ్మాయి, ఎప్పుడూ చూపు లేనివాళ్లకి నేర్పలేదు కానీ స్వరపాఠం గారు రాసినదంతా ఆవిడకి పంపితే చదువుకుని వచ్చింది. మొదటి నెలంతా పాఠమే లేదు, కీబోర్డు కింద, వెనక, వైర్లు, స్టాండు, అన్నీ తడమనిచ్చింది. కొత్త చోట్లకి వెళ్తే ఇప్పటికీ ఏడుస్తాడు, గుమ్మం దగ్గర ఆట వల్ల కొన్నిసార్లు తగ్గుతుంది, కొన్నిసార్లు తగ్గదు. కళ్లు నొక్కుకోవడం వాయించేటప్పుడు లేదు, ఖాళీగా ఉంటే ఉంది. డాక్టర్‌కి చెప్పాం. వినికిడి పరీక్ష చేయించాం, బాగుంది.

మొన్న వాడు వాయిస్తుంటే ఉత్సాహం ఆపుకోలేక నేనూ పక్కన రెండు మెట్లు నొక్కాను. నా చెయ్యి పట్టుకుని తీసేసి "నాన్నా ఆగు, ఇప్పుడు నా వంతు" అన్నాడు. ఆ వరుసలో కాదు, మామూలుగా, మాటలా. నీళ్లకి ఇంకా "నీకు కావాలా" అనే అంటున్నాడు.

ఒక్క సందేహం మిగిలింది. బటన్ల మీద అంటించిన స్టిక్కర్లని గోళ్లతో గీకి పీకేస్తున్నాడు, మళ్లీ మళ్లీ అంటిస్తున్నాను. వేరే దారి ఉందా?

మసక_వెలుగు

మా పాపకి ఉబ్బెత్తు పెయింట్ ట్యూబు వాడుతున్నాం, చుక్క పెట్టి ఒక రాత్రి ఆరనిస్తే గట్టిపడుతుంది, గీకినా రాదు. ఎక్కడెక్కడ చుక్క పెట్టాలో ముందు వాణ్ణే అడగండి. వాడికి అక్కర్లేని చోట పెట్టి ఉంటారు, అందుకే పీకేస్తున్నాడేమో.